రొయ్యల చెరువు మోటారుకు ఫెరైట్ అయస్కాంతాలు వేసిన నా అనుభవం

భీమవరం దగ్గర పల్లెలో మోటార్ల వైండింగ్ పని చేసే నా దగ్గరకు 2025 మే నెలలో ఒక రైతు, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ మోటారు తెచ్చారు. శాశ్వత అయస్కాంతాల రోటరు (తిరిగే భాగం) ఉన్న ఆ మోటారుకు వైండింగ్ కాలలేదు, బేరింగులు చెడలేదు. అయినా కరెంటు ఎక్కువ లాగి, చెరువులో ఆక్సిజన్ అడుగంటే తెల్లవారుజామునే కంట్రోలరు దాన్ని ఆపేస్తోంది. షాఫ్టును డ్రిల్లుతో తిప్పి వైండింగులో పుట్టే వోల్టేజీని కొలిస్తే, అదే రకం కొత్త మోటారుకంటే నాలుగో వంతు తక్కువ వచ్చింది. అయస్కాంతాలే నీరసించాయి.

అవి మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు. సుమారు 80 డిగ్రీలు దాటితే వాటి బలం శాశ్వతంగా తగ్గవచ్చు. బలం తగ్గినకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు తీసుకుని మరింత వేడెక్కుతుంది. 150 డిగ్రీలకు ఆగే రకంలో సాధారణంగా డిస్ప్రోసియం అనే అరుదైన లోహం కలుపుతారు. దాని అయస్కాంతత్వం అయస్కాంతంలోని ఇనుముకు ఎదురుగా నిలుస్తుంది గనుక, వేడికి ఓర్పు పెరిగినా మొత్తం బలం కొంత తగ్గుతుంది. అందుకే ఇప్పుడు దాన్ని లోహమంతా కలపకుండా, పైన పూసి వేడిచేసి రేణువుల అంచుల్లోకి మాత్రమే ఇంకిస్తూ వాడకాన్ని తగ్గిస్తున్నారు. ఈ పద్ధతిని నేను ఎంతో గౌరవిస్తాను. కానీ ఆ ఏప్రిల్‌లోనే చైనా డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. మన తీరపు మోనజైట్ ఇసుకలో నియోడిమియం ఉన్నా డిస్ప్రోసియం బహు స్వల్పం.

సమేరియం-కోబాల్ట్ వేడికి తట్టుకుంటుంది గానీ ఖరీదు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆల్నికో, వైండింగు నుంచి వచ్చే ఎదురు అయస్కాంత క్షేత్రానికి త్వరగా లొంగిపోతుంది. మిగిలింది ఫెరైట్. ఐరన్ ఆక్సైడుతో స్ట్రాన్షియం గానీ బేరియం గానీ కలిపి కాల్చిన పింగాణీ వంటి ఈ పదార్థం మా ఉప్పునీటి గాలికి తుప్పు పట్టదు, వేడిలో బలం కొంత తగ్గినా ఎదురు క్షేత్రాన్ని మరింత గట్టిగా తట్టుకుంటుంది. అయితే దాని క్షేత్రం నియోడిమియంలో మూడో వంతే కాబట్టి మోటారు బరువెక్కుతుందని రైతుకు చెప్పాను. “గట్టుమీద ఉండే మోటారుకు బరువెంతైతే ఏముందండీ, తెల్లవారుజామున ఆగకపోతే చాలు” అన్నారాయన. ఆ మాటతోనే నా సందేహం తీరింది.

పాత రోటరులో ముక్కలు మార్చితే సరిపోదు. పొడవైన కొత్త రోటరులో, ఇనుప ముక్కల మధ్య ఫెరైట్ బిళ్ళలను బండి చక్రపు ఆకుల్లా నిలబెట్టాను. అలా పెడితే రెండు వైపుల క్షేత్రమూ ఒక్కో ఇనుప ముక్కలో కలిసి చిక్కబడుతుంది. బిళ్ళలను నీళ్ళు పోస్తూ డైమండ్ బ్లేడుతో కోయవలసివచ్చింది, ఆరు పగిలిపోయాయి. తొలిసారి వోల్టేజీ లెక్కలో సగమే వచ్చింది. రెండు రోజులు వెతికాక తప్పు దొరికింది: నేను వేసిన మామూలు ఇనుప షాఫ్టు గుండా క్షేత్రం లోపలే చుట్టుకుపోతోంది. అయస్కాంతానికి అంటుకోని స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టు వేయగానే కావలసిన వోల్టేజీ వచ్చింది.

మోటారు బరువు దాదాపు రెండింతలైంది, కరెంటు వాడకం స్వల్పంగా పెరిగింది. పంట పట్టుబడి అయ్యాక అదే డ్రిల్లుతో మళ్ళీ కొలిచినప్పుడు వోల్టేజీ మొదటి రోజు ఎంతో అంతే ఉంది.