కార్డు తీశాను, డిష్ ఉంచాను

ఉపగ్రహ టీవీ చానళ్ల చందా గడువు మొన్న ముగిసింది. ఈసారి కట్టలేదు. పన్నెండేళ్లుగా నెలనెలా కడుతూనే వచ్చాను, కానీ మా ఇంట్లో చూసేది వార్తలు, పాత సినిమాలు, అమ్మ వినే సంగీత కచేరీలు. అవి ఉచితంగానే ప్రసారమవుతున్నాయని తెలిశాక ఇక మనసొప్పలేదు.

కొత్త డిష్ అక్కర్లేదు. 35,786 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం అందరి మీదా ఒకేలా పడుతుంది. తాళం వేసిన చానళ్లకే చందాదారుల కార్డు కావాలి. డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ ప్రసార పద్ధతిని అందుకోగల రిసీవర్ ఒకటి కొని పాత కేబులే తగిలించాను. అయితే ఉచిత చానళ్లు వేరే ఉపగ్రహంలో ఉన్నాయి కనుక డిష్‌ను తిప్పాల్సి వచ్చింది. మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. వేలెడు జరిపితే చాలు, సంకేతం మాయం! కింద నుంచి తమ్ముడు "వచ్చింది, పోయింది" అని అరుస్తుంటే వెంట్రుకవాసి చొప్పున కదిపాను. చివరికి డిష్ ముందుండి సంకేతాన్ని పట్టే ఎల్‌ఎన్‌బీని కాస్త మెలితిప్పాక బొమ్మ నిలిచింది.

క్రీడల ప్రత్యక్ష ప్రసారాలు పోయాయి. అది నిజంగా లోటే, తమ్ముడికి మరీను. అమ్మ మాత్రం ఆ రాత్రి కచేరీ ముగిసేదాకా టీవీ ముందు నుంచి కదల్లేదు.