కోటిపల్లి రైలు మళ్ళీ నడపండి, నర్సాపురం లైను అయ్యేదాకా ఆగక్కర్లేదు

మా వైపు నలుగురు కూర్చుని రైలు మాటెత్తితే చాలు, అందరూ కోనసీమ రైలు గురించే మాట్లాడతారండి. గోదావరి పాయ గౌతమిలో పిల్లర్లు లేచాయి, వైనతేయ మీద పని ఎంతవరకు వచ్చింది, వశిష్ఠ దాటి నర్సాపురంలో ఎప్పుడు కలుస్తుంది, ఇవే కబుర్లు. మంచిదే, కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా ఆ 57 కిలోమీటర్లు పూర్తయితే అమలాపురానికి రైలొస్తుంది, మా అందరికీ అది పెద్ద పండగే. కానీ ఇవతల ఆల్రెడీ ఉన్న లైను సంగతి ఎవరూ ఎత్తరు. కాకినాడ టౌన్ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా 45 కిలోమీటర్లు, పట్టాలున్నాయి, ప్లాట్‌ఫారాలున్నాయి, బోర్డులున్నాయి, జనం ఎక్కే బండి మాత్రం 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత దేశమంతా రైళ్ళు ఒక్కొక్కటిగా పట్టాలెక్కాయి కానీ మా బండి రాలేదు.

ఈ లైనుకి ఇది మొదటిసారి కాదు, అందుకే నాకు భయం. 1928లో బ్రిటిష్ వాళ్ళ టైంలో మొదలైంది, పట్టుమని పన్నెండేళ్ళు నడిచిందో లేదో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, ఇనుము కావాలని 1940లో పట్టాలు పీకేసి పట్టుకుపోయారు. యుద్ధం అయిపోయింది, స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. రెండు తరాలు రైలు కట్ట మీద గడ్డి కోసుకుని బతికారు, "ఇక్కడ రైలుండేది" అని పెద్దవాళ్ళు చెప్తే పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. మళ్ళీ ఆ లైను లేచిందంటే బాలయోగి గారి వల్ల. అమలాపురం ఎంపీగా, లోక్‌సభ స్పీకర్‌గా ఆయన దీని వెంట పడ్డారు, కానీ బండి చూడకుండానే 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. లైను 2004లో ఓపెన్ అయింది. అంటే 64 ఏళ్ళ గ్యాప్ తర్వాత వచ్చిన రైలు పదహారేళ్ళు కూడా పూర్తిగా నడవకుండా మళ్ళీ ఆగిపోయిందన్నమాట.

దీని మీద నడిచింది మామూలు ప్యాసింజర్ కాదండి, రైల్ బస్. ఒకే ఒక్క పెట్టె, చూడ్డానికి బస్సుని పట్టాల మీద పెట్టినట్టుండేది. ఎక్కనివాళ్ళ కోసం చెప్తున్నా, అది గేటు దాటే పద్ధతే వేరు. దారిలో రోడ్డు అడ్డం వచ్చిన చోట గేట్‌మాన్ ఉండడు, గేట్‌మాన్ బండిలోనే ఉంటాడు. గేటుకి కాస్త ఇవతల బండి ఆగుతుంది, ఆయన దిగి నడుచుకుంటూ వెళ్ళి రెండు వైపులా గేటు వేస్తాడు, బండి మెల్లగా దాటి అవతల మళ్ళీ ఆగుతుంది, ఆయన గేటు తీసేసి పరుగులాంటి నడకతో వచ్చి ఎక్కుతాడు, అప్పుడు బండి కదుల్తుంది. మళ్ళీ ఇంకో గేటు, మళ్ళీ ఇదే. కిటికీలోంచి చూస్తే రెండు వైపులా వరి, కాలవ గట్లు, కొబ్బరి చెట్లు, గేటు దగ్గర ఆగిన ట్రాక్టరు వాడు గేట్‌మాన్‌తో రెండు మాటలు మాట్లాడేవాడు. చూడ్డానికి ఎంతో బావుండేది, నాకు ఇప్పటికీ ఇష్టం, కానీ పొద్దున్నే కాలేజీకి టైంకి వెళ్ళాల్సిన పిల్లకి అది పనికిరాదు కదా.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ లైను గురించి మాట్లాడితే ముందు వినిపించే మాట "జనం ఎక్కట్లేదు, నష్టం" అని. ఎందుకు ఎక్కుతారండి? బండి కాకినాడలో పొద్దున్న బయల్దేరి కోటిపల్లి వెళ్ళి వెనక్కి వచ్చేది. మా జనానికి కావాల్సింది దానికి సరిగ్గా రివర్స్, పొద్దున్న కాకినాడ వెళ్ళాలి, సాయంత్రం ఇంటికి రావాలి. జేఎన్‌టీయూలో చదివేవాళ్ళు, కాకినాడ పెద్దాసుపత్రికి చూపించుకోడానికి వెళ్ళేవాళ్ళు, షాపుల్లో పనిచేసేవాళ్ళు, అందరి దారీ అటే. వాళ్ళకి కుదరని టైంలో ఒక్క పెట్టె బండిని, ప్రతి గేటు దగ్గరా ఆపుకుంటూ నడిపి, ఆ లెక్క చూపించి ఈ లైనుకి డిమాండ్ లేదంటే ఎలా ఒప్పుకుంటాం. డిమాండ్ ఉందో లేదో ఈ లైను మీద ఇంతవరకు సరిగ్గా టెస్ట్ చేయలేదు అనేదే నా వాదన.

టికెట్ సంగతి కూడా చూడండి. కోవిడ్ తర్వాత ప్యాసింజర్లన్నిటినీ స్పెషల్ అని, ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి నడిపినప్పుడు కనీస ఛార్జీ పది నుంచి ముప్పై అయింది, పక్క ఊరికి వెళ్ళినా ముప్పయ్యే. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి తెచ్చారు. అంటే ఇవాళ ఈ లైను మీద బండి వేస్తే, రోజూ తిరిగే కూలీకి, స్టూడెంట్‌కి బస్సుతో పోలిస్తే ఎంత మిగుల్తుందో లెక్కేసుకోండి, సీజన్ టికెట్ తీసుకుంటే ఇంకా తక్కువ. నెలకి అది ఒక ఇంటికి చిన్న డబ్బేం కాదు.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఒకప్పుడు అమలాపురం వైపు వాళ్ళు ముక్తేశ్వరంలో పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగి కాకినాడ వెళ్ళేవాళ్ళు. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన, అదే బాలయోగి వారధి, వచ్చాక వాళ్ళలో చాలామంది బస్సెక్కి ఆ రోడ్డునే పోతున్నారు, పంటు మీద ఇప్పుడు మునుపటంత జనం లేరు. కాబట్టి కోటిపల్లి చివర నుంచి బండి నిండిపోతుందని నేను చెప్పను. నిండాల్సింది ద్రాక్షారామం, రామచంద్రపురం, కరప దగ్గర. అందుకే టైమింగ్ కూడా ఆ ఊళ్ళని బట్టే పెట్టాలి. కోటిపల్లి చివర జనం వచ్చేది వేరే రోజుల్లో. కార్తీక మాసం సోమవారాలు, శివరాత్రి. ద్రాక్షారామ భీమేశ్వరుడు పంచారామాల్లో ఒకటి, కోటిపల్లి రేవులో స్నానం చేసి సోమేశ్వరుణ్ణి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద కారు కదలదు, ఆటోలో వేలాడుతూ వెళ్తుంటారు ముసలీ ముతకా. అంత దగ్గర్లో రైల్వే స్టేషన్ పెట్టుకుని మనం ఆటోల వెనక పరిగెడుతున్నాం.

"నర్సాపురం లైను పూర్తయితే ఎలాగూ రైళ్ళొస్తాయి కదా, అప్పటిదాకా ఆగండి" అనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ లైను సాంక్షన్ అయింది 2000 ప్రాంతంలో. అప్పుడు పుట్టిన పిల్లలు ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగాల్లో ఉన్నారు. మూడు నదుల మీద మూడు వంతెనలు, భూసేకరణ, రాష్ట్రం ఇవ్వాల్సిన వాటా, ఇవన్నీ తేలాలి, తేలాలనే నేనూ కోరుకుంటున్నా. కానీ దానికీ దీనికీ ముడి పెట్టడం దేనికి? పైగా బండి తిరగని లైను మెల్లగా పాడవుతుంది, స్టేషన్ బిల్డింగులకి తలుపులు పోతాయి, పిచ్చిచెట్లు మొలుస్తాయి, ఇవతల ముక్క ఇలా వదిలేసి అవతల కొత్త ముక్క కలిపితే ముందు దీన్నే బాగుచెయ్యాల్సి వస్తుంది.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఆ పాత రైల్ బస్ వద్దు, మూడు నాలుగు పెట్టెల లోకల్ బండి, డీజిల్‌తో నడిచే డెమూనో కరెంటుతో నడిచే మెమూనో ఏదో ఒకటి. రాత్రి కోటిపల్లిలోనే ఆగాలి, పొద్దున్న అక్కడ బయల్దేరి కాలేజీలు, ఆసుపత్రి ఓపీ మొదలయ్యే లోపు కాకినాడ టౌన్‌లో ఉండాలి, సాయంత్రం ఆఫీసులు వదిలాక వెనక్కి రావాలి, మధ్యలో బండి ఖాళీగా ఉంటే ఇంకో ట్రిప్పు. ముఖ్యమైన గేట్ల దగ్గర మనిషిని పెట్టాలి, లేకపోతే మళ్ళీ ఆ ఆగి ఆగి వెళ్ళడమే. ఇలా ఒక్క ఏడాది నడిపి, అప్పుడు లెక్క తీయండి. రామచంద్రపురంలో ఎంతమంది ఎక్కారో, ద్రాక్షారామంలో ఎంతమంది దిగారో ఆ లెక్క చూశాక నష్టం అంటే నేను కూడా కూర్చుని వింటాను.