స్టెరాల్ ఎన్ని గ్రాములుందని అడిగినందుకు

నిన్న సాయంత్రం రిపోర్టు చేతికొచ్చింది. చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, 164 నుంచి 146కి దిగింది. మాత్ర వేసుకోకుండానే. సంతోషంగానే ఉంది కానీ మధ్యలో ఒక క్లినిక్‌లో పడ్డ మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అమలాపురం చుట్టుపక్కల నాలాంటివాళ్లు ఇంకెవరూ అలా పడకూడదని రాస్తున్నాను.

రక్తపరీక్ష సులువే. రాత్రి పెందరాళే తినేసి, పొద్దున్నే పరగడుపున ఇచ్చొచ్చాను. బీపీ, షుగరు లేవు కాబట్టి కొన్నాళ్లు తిండి మార్చి చూద్దామన్నారు మా ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ. కొబ్బరి, నెయ్యి తగ్గించమన్నారు. కోనసీమ వంటింట్లో అదెంత కష్టమో మా ఇంట్లోవాళ్లని అడగండి, అయినా తగ్గించాను. మొక్కల స్టెరాల్స్ కూడా కొంత పనిచేస్తాయి, దొరికితే వాడమ్మా అని ఆవిడే చెప్పారు.

ఎలా పనిచేస్తాయో కూడా విడమరిచి చెప్పారు. స్టెరాల్ అంటే మొక్కల్లో ఉండే, చూడటానికి అచ్చం కొలెస్ట్రాల్‌లాంటి పదార్థం. పేగులోంచి ఒంట్లోకి వెళ్లడానికి రెండిటికీ ఒకటే దారి. రావులపాలెంలో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు వేసి సీట్లు ఆపేస్తారు చూడండి, స్టెరాల్స్ అలా ముందే చోటు పట్టేస్తాయి. చోటు దొరకని కొలెస్ట్రాల్ బయటికి పోతుంది. స్టెరాల్ మాత్రం మన ఒంట్లోకి పెద్దగా ఎక్కదు, పేగు దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. పేగులోకొచ్చే కొలెస్ట్రాల్‌కి అడ్డుపడాలి కాబట్టి భోజనంతోపాటే తీసుకోవాలి. రోజుకి 2 గ్రాములు తీసుకుంటే ఎల్‌డీఎల్ 8 నుంచి 10 శాతం వరకు తగ్గుతుంది.

ఈ 2 గ్రాముల దగ్గరే నాకు గొడవ వచ్చింది.

బంధువులొకరు చెబితే పెద్ద ఊళ్లో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. అక్కడ డాక్టరు కంటే ముందు డైటీషియన్ దగ్గర కూర్చోబెడతారు. గది కూడా కాదు, హాల్లోనే ఒక పక్కన బల్ల. చుట్టూ పేషెంట్లు. ఆ అమ్మాయి నా రిపోర్టు పైపైన చూసి, పొడి డబ్బా ఒకటి తీసి ముందు పెట్టింది. 1,850 రూపాయలు. పొద్దునొక స్కూపు, రాత్రొక స్కూపు అంది. డబ్బా తిప్పి చూశాను. స్కూపుకి ఫైటోస్టెరాల్ (అంటే మొక్కల స్టెరాలే) ఈస్టర్లు 500 మిల్లీగ్రాములని రాసుంది. ఈస్టరంటే స్టెరాల్‌కి కొవ్వు ఆమ్లం అతికించిన రూపం, దాని బరువులో అసలు స్టెరాల్ ఇంచుమించు 60 శాతమే. అంటే స్కూపుకి 300 మిల్లీగ్రాములు. రెండు స్కూపులకి 600. రెండు గ్రాములు రావాలంటే దాదాపు ఏడు స్కూపులు తాగాలి! హైస్కూల్లో తరాలకి తరాలు లెక్కలు చెప్పినదాన్ని, ఈ లెక్కకి నాకు కాగితం కూడా అక్కర్లేదు.

"ఇందులో అసలు స్టెరాల్ ఎన్ని గ్రాములమ్మా?" అని మెల్లగానే అడిగాను.

"మీరు టీచరాండీ? ఇది బళ్లో లెక్క కాదు మేడం, వైద్యం మాకొదిలేయండి" అంది హాలంతా వినబడేలా. నేను మళ్లీ అడిగేసరికి కౌంటరువైపు తిరిగి, "ఈవిడ డబ్బా తీసుకోరంట. ఊరికే క్లాసు పీకడానికొచ్చారు, ఫీజు తీసుకుని పంపించేయ్" అని కేకేసింది. కౌంటరతను "ఆయ్, అలాగేనండి" అన్నాడు. అందరూ నావైపే చూశారు. వాళ్లలో ఒకాయన కూతురు నా దగ్గరే చదువుకుంది. ఆయన చూపు తిప్పేసుకున్నాడు. తప్పుపట్టే ప్రశ్న కాదది, కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న. కిలో బెండకాయలు కొన్నా తూకం చూస్తాం కదా. ఒంట్లోకి వెళ్లేదాని తూకం అడిగితే తప్పెలా అవుతుంది? ఫీజు కట్టేసి, ఫైలు పట్టుకుని వచ్చేశాను. దారంతా ఏడుపే.

డాక్టరమ్మకి చెబితే, "నువ్వడిగింది నూటికి నూరుపాళ్లు సరైందమ్మా" అన్నారు. ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది.

తర్వాత మా అబ్బాయి ఆన్‌లైన్‌లో వెతికి, స్టెరాల్ ఎంతో విడిగా రాసున్న పొడి తెప్పించాడు. చెంచాకి ఒక గ్రాము. మధ్యాహ్నం, రాత్రి భోజనంలో మజ్జిగలో కలుపుకున్నాను. తవుడు నూనె వాడితే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. మన మిల్లుల తవుడులోంచి వచ్చే నూనె మంచిదే, వంద గ్రాముల్లో సుమారు 1.2 గ్రాముల స్టెరాల్స్ ఉంటాయి. కొబ్బరి నూనెలో వంద గ్రాములకి 0.1 గ్రాము కూడా ఉండవు. కానీ రోజుకి మూడు పెద్ద చెంచాల తవుడు నూనె వాడినా అర గ్రాము దగ్గరే ఆగిపోతాం. నూనె మార్చండి, అది మాత్రమే చాలదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మా మరిదికి స్టెంటు వేశారు. అలాంటి మనిషి, ఎవరో పొడి అమ్మేవాడి మాట విని, కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్లు ఇచ్చే స్టాటిన్ మాత్ర మానేశాడు. ఇది ప్రాణాలతో ఆట. స్టాటిన్లు గుండెపోట్లని తగ్గిస్తాయని పెద్ద పెద్ద పరీక్షల్లో తేలింది. స్టెరాల్స్ ఎల్‌డీఎల్ తగ్గిస్తాయి, కానీ గుండెపోటు తగ్గిస్తాయని అలా నిరూపణ కాలేదు. మాత్రతోపాటు వాడొచ్చు, మాత్ర బదులు కాదు. అది దాచిపెట్టి డబ్బాలు అమ్మేవాళ్లని నేను క్షమించలేను. మరిదిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, ఇప్పుడు మళ్లీ వేసుకుంటున్నాడు.

గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, చిన్నపిల్లలకి ఈ స్టెరాల్ పొడులు వద్దు. సిటోస్టెరాలీమియా అనే అరుదైన వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు, వాళ్ల ఒంట్లో స్టెరాల్స్ పేరుకుపోతాయి. స్టెరాల్స్ వాడితే ఒంట్లో కెరోటిన్ (విటమిన్ ఎ తయారయ్యే పదార్థం) కొంచెం తగ్గుతుంది కాబట్టి గుమ్మడి, ములగాకు, బొప్పాయి ఎక్కువ తినమన్నారు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) ఎక్కువున్నవాళ్లు దీనిమీద పెద్ద ఆశ పెట్టుకోకండి, అన్నం, పూతరేకులు తగ్గించుకోండి.

నాకు దిగిన 18లో కొబ్బరి తగ్గించినందుకెంత, స్టెరాల్‌కెంత అని విడదీయలేమని డాక్టరమ్మ అన్నారు. రెండూ కొనసాగించమన్నారు. సంక్రాంతి వెళ్లాక మళ్లీ పరీక్ష. అప్పటికీ 130 కిందకి రాకపోతే మాత్ర మొదలుపెడతానని నేనే చెప్పాను.