లంబసింగి చలిలో ఇంటి మైనపు బిళ్లల మంట

లంబసింగి వెళ్లేవాళ్లు స్వెట్టర్లు, శాలువాలు, మంకీ క్యాపులు మర్చిపోకుండా సర్దుకుంటారు. చలిమంట సంగతి మాత్రం అక్కడికెళ్లాక చూసుకుందాంలే అనుకుంటారు. డిసెంబరులో అక్కడ పొద్దు గుంకి మంచు దిగడం మొదలైతే పుల్లాపుడకా, ఆకూఅలమూ అన్నీ చెమ్మెక్కిపోతాయి. అగ్గిపెట్టె ఖాళీ అయ్యేదాకా గీసినా పొగే వస్తుంది. అందుకే తమ్ముడి కుటుంబంతో కలిసి టెంట్లలో ఉండొద్దామని అనుకోగానే, మంట రాజేసే సరంజామా విశాఖలో మా వంటింట్లోనే తయారు చేయడం మొదలుపెట్టాను.

డబ్బు పెట్టి కొన్నది దాదాపు ఏమీ లేదు. దీపావళికి వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు, గుడ్లతో పాటు వచ్చిన కాగితపు అట్ట, వీధి చివరి వడ్రంగిని అడిగి తెచ్చుకున్న రంపపు పొట్టు. టేకుదో వేపదో అయితేనే ఇమ్మన్నాను, ప్లైవుడ్ పొట్టు వద్దన్నాను. ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, ఆ పొగ పిల్లలు పీల్చకూడదు.

కొవ్వొత్తి ముక్కల్ని పాత డబ్బాలో వేసి, ఆ డబ్బాని మరుగుతున్న నీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. మైనాన్ని నేరుగా స్టవ్ మీద పెట్టకూడదు. ఎక్కువ వేడెక్కితే అదే భగ్గుమంటుంది. అలా అంటుకున్నప్పుడు నీళ్లు పోస్తే మంట ఎగిసి మీద పడుతుంది. స్టవ్ కట్టేసి మూత బోర్లించడమే దారి. నీళ్ల గిన్నెలో పెడితే ఆ భయం ఉండదు. మామూలు కొవ్వొత్తి మైనం సుమారు 60 డిగ్రీల లోపే కరిగిపోతుంది కాబట్టి నీళ్ల వేడి చాలు. అట్ట గుంటల్లో ముప్పాతిక వంతు పొట్టు నింపి, కరిగిన మైనం నెమ్మదిగా పోశాను. పొట్టు దాన్ని గుటగుటా పీల్చేసుకుంది. ఇంకాస్త పోసి, చెంచా వెనకతో అదిమాను. గట్టిపడ్డాక కత్తెరతో బిళ్లబిళ్లగా కత్తిరించాను. అట్ట అంచు కొంచెం పైకి లేచి ఉండేలా చూసుకోవాలి. అగ్గిపుల్లకి ముందు అంటుకునేది ఆ అంచే.

కార్తీకమాసం పూజల్లో మిగిలిన వత్తులకి వేజలిన్ బాగా పట్టించి ఇంకో డబ్బాలో పెట్టాను. ఉత్త దూది క్షణాల్లో కాలి బూడిదైపోతుంది. జిడ్డు పట్టిస్తే ముందు ఆ జిడ్డు కాలుతుంది, దూది దాన్ని మంటకి అందిస్తూ ఉంటుంది. కార్తీక పౌర్ణమికి నేతిలో తడిపి వెలిగించే 365 వత్తుల కట్ట గాలిలో కూడా అంతసేపు నిలబడేది ఇందుకే. ఈ కిటుకు మన పూజగదిలోనే ఉంది, మనమే పొయ్యి దగ్గరికి తెచ్చుకోలేదు. కర్పూరం కూడా తీసుకెళ్లొచ్చు గానీ నాకు అంత ఇష్టం లేదు. నల్లటి మసి, గబుక్కున అయిపోవడం, డబ్బా మూత సరిగా లేకపోతే దానంతటదే హరించుకుపోవడం.

నర్సీపట్నంలో టీ తాగి బయల్దేరాం. అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్ ఎక్కుతుంటే పిల్లలు అద్దాలు దించి అరుపులే అరుపులు. దాదాపు 1000 మీటర్ల ఎత్తు కాబట్టి పైకెళ్లేకొద్దీ గాలి మారిపోవడం మొహానికి తెలుస్తుంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు. టెంట్లు వేసిన స్థలం ఒక గిరిజన పెద్దాయనది.

చీకటి పడ్డాక ఆయన మోపెడు కట్టెలు తెచ్చి పడేశారు. ముట్టుకుంటే చల్లగా, తడిగా ఉన్నాయి. "అత్తా, ఇవి ఎలా అంటుకుంటాయి?" అంది మేనకోడలు. తడి కట్టెలోని నీరంతా ఆవిరైపోతే గానీ కట్టె అంటుకోదు. అగ్గిపుల్ల మంట అంతసేపు ఉండదు. మన బిళ్ల పది నిమిషాలకు పైనే కాలుతుంది, ఆ లోపు పైనున్న పుల్లలు ఆరతాయి. ఇదే చెప్పాను దానికి.

పెద్దాయన చూస్తూ, "నేల చెమ్మగా ఉందమ్మా, కింద నాలుగు కర్రలు పరవండి" అన్నారు. పరిచాం. కత్తితో ఒక దుంగని నిలువునా చీల్చి, లోపలి పొడి భాగం నుంచి సన్నటి పేళ్లు తీసి ఇచ్చారు. పైన ఎంత తడిసినా దుంగ కడుపులో పొడిగానే ఉంటుంది. కర్రల మీద బిళ్ల పెట్టి, చుట్టూ పేళ్లు, చితుకులు గాలి ఆడేలా గోపురంలా నిలబెట్టి అట్ట అంచుకి అగ్గిపుల్ల చూపించాను. మొదట చిన్న పసుపు మంట. మైనం కరిగి పొట్టులో చిటపటలాడింది. చితుకుల చివర్ల నుంచి నీళ్లు బుసబుసా నురగలు కక్కాయి, తెల్లటి పొగ కాసేపు కళ్లు మండించింది. తర్వాత పేళ్లు అందుకున్నాయి. లావు కట్టెలు పెట్టేసరికి బిళ్ల ఇంకా కాలుతూనే ఉంది.

ఇంతలో తమ్ముడు వచ్చి, "అక్కా, పక్క టెంట్ కుర్రాళ్లు బండిలోంచి పెట్రోల్ తీస్తున్నారు" అన్నాడు. నాకు ఒక్కసారిగా టెన్షన్ వచ్చేసింది. పెట్రోల్ ఆవిరి కంటికి కనపడకుండా నేలబారుగా పాకుతుంది, నిప్పు తగిలితే పోసిన మనిషి చేతి దాకా మంట వస్తుంది. నాలుగు బిళ్లలు, గుప్పెడు వత్తులు పట్టుకుని పరుగున వెళ్లాను. "బాబూ, ఆ సీసా మూత బిగించి దూరంగా పెట్టేయండి, నేను అంటిస్తాను" అన్నాను. మంచి పిల్లలు, వెంటనే విన్నారు. కాసేపటికి వాళ్ల నెగడూ లేచింది. రోడ్డు పక్కన కొన్ని చోట్ల ప్లాస్టిక్ కవర్లు, టైరు ముక్కలు వేసి చలి కాచుకుంటున్నారు. ఆ పొగ విషం. దాని పక్కన పిల్లల్ని కూర్చోబెట్టడం చూస్తే నాకు మనసు ఆగలేదు.

బొంగు చికెన్ తెప్పించుకుని తిన్నాం. పడుకునే ముందు నిప్పుల మీద నీళ్లు పోసి, బూడిద కలిపి మళ్లీ పోసి, చెయ్యి పెట్టినా వెచ్చదనం తగలనంతవరకు ఆర్పాం. చుట్టూ ఎండుటాకుల కాఫీ తోట, ఒక్క నిప్పురవ్వ చాలు.

తెల్లవారుజామున దగ్గర్లోని చెరువులవేనం కొండ మీద మబ్బులు చూసొచ్చి, సామాన్లు సర్దుతూ మిగిలిన బిళ్లలు పెద్దాయనకి ఇచ్చాను. "వానాకాలం పొయ్యికి బాగుంటాయమ్మా" అని తిప్పి తిప్పి చూశారు. ఎలా చేయాలో చెప్పాను. కొవ్వొత్తులు కొనాలా అని ఆలోచించి, "తేనెపట్టు పిండాక మిగిలే మైనం పనికొస్తుందా?" అని అడిగారు. భేషుగ్గా పనికొస్తుంది. అది కొవ్వొత్తి మైనం కంటే కాస్త ఎక్కువ వేడికి గానీ కరగదు, అయినా మరిగే నీళ్ల గిన్నె దానికీ సరిపోతుంది. ఆయన వెంటనే లోపలికి వెళ్లి, అడ్డాకులో చుట్టి దాచిన మైనం ముద్ద తెచ్చి చూపించి, రంపపు పొట్టుకి చింతపల్లిలో ఎవరిని అడగాలో భార్యతో మాట్లాడటం మొదలుపెట్టారు.