యమునాభ్రాత

దీపావళి వెళ్లిన రెండో రోజు, కార్తిక శుద్ధ విదియ నాటి గడిలో, పంచాంగం చిన్న అక్షరాలతో ఒక మాట వేస్తుంది: భగినీహస్త భోజనం. యమద్వితీయ అన్నా ఇదే. రాఖీ పూర్ణిమకు ఉన్న సందడి మా జిల్లాల్లో దీనికి లేదు. బజారుకు వెళ్లి కొనవలసినదేమీ లేకపోవడం వల్లనేమో. అన్నదమ్ములు తోబుట్టువు ఇంటికి వెళ్లి ఆమె చేతి అన్నం తినాలి, అంతే. ఆ పూట సొంత ఇంట్లో భోజనం చేయవద్దని కూడా ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఆడపిల్లను ఇచ్చిన ఇంట్లో విస్తరి ముందు కూర్చోవడానికి పుట్టింటివారు మొహమాటపడే సమాజానికి, శాస్త్రమే పూనుకుని 'వెళ్లి తిను' అని చెప్పింది. ఆ ఆజ్ఞలో ఎంత దయ ఉందో!

మా వైపు అక్కను అప్ప అంటారు. మా అప్ప ఇల్లు శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఉంది. పొద్దున్నే విజయనగరంలో పాసింజరు ఎక్కి ఆమదాలవలసలో దిగుతాను. భోజనానికి ముందు ఇద్దరం సూర్యనారాయణస్వామి దర్శనానికి వెళ్తాం. ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకే ఆ గుడికి మించి ఈ పండుగకు తగిన చోటు నాకు తెలియదు. యముడూ యమునా సూర్యుడి బిడ్డలే కదా. కన్నతండ్రి ఎదుట నిలబడి, ఆయన పిల్లల పండుగ చేసుకోబోతున్నామని చెప్పుకున్నట్టు ఉంటుంది.

కథ చాలామందికి తెలిసిందే. యమున ఎన్నోసార్లు పిలిచింది, యముడికి తీరిక చిక్కలేదు. చివరికి ఈ విదియనాడు వచ్చాడు. చెల్లెలు తలంటి, బొట్టు పెట్టి, వండి వడ్డించింది. వరం కోరుకోమంటే, ఏటా ఈ రోజు రమ్మంది, ఈనాడు తోబుట్టువు చేతి అన్నం తిన్నవారికి నీ భయం ఉండకూడదంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ తీరిక చిక్కలేదు. మూడేళ్లు వరుసగా డబ్బు పంపి ఊరుకున్నాను. నాలుగో ఏడు వెళ్లినప్పుడు అప్ప మందలించలేదు. "నీ ఆకు వేసి, అన్నీ వడ్డించి, ఆవుకు పెట్టేదాన్ని తమ్ముడూ" అంది. ఆ మూడు విస్తళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందు కనిపిస్తాయి.

తోబుట్టువు మాట వినకపోతే ఏమవుతుందో విజయనగరం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. బొబ్బిలి యుద్ధం వద్దని చెల్లెలు పైడిమాంబ అన్నగారిని, విజయనగరం రాజు విజయరామరాజును, వారించిందని, ఆయన వినలేదని స్థలకథ. 1757 జనవరిలో ఆ యుద్ధం జరిగింది, విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించాడు. ఆ చెల్లెలే పెద్దచెరువులో వెలసి పైడితల్లి అయింది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం సిరిమాను, అమ్మవారి పూజారి కూర్చునే పొడవాటి మాను, కోట వైపు కదిలినప్పుడు, ఒక ఆడపడుచు ఇన్నేళ్లుగా పుట్టింటి గడప దాకా వచ్చి పలకరించి వెళుతోందని నాకు అనిపిస్తుంది. చేతులు వాటంతటవే జోడవుతాయి.

ఇక ఆ వరం సంగతి. ఒక పూట భోజనంతో యముడి నుంచి మినహాయింపు దొరుకుతుందని కొందరు అనుకుంటారు. నా మనసు ఒప్పదు. ఆయనకు సమవర్తి అని పేరు, అంటే అందరి పట్లా ఒకే తీరుగా నడిచేవాడు. మరి భయం పోవడమంటే ఏమిటి? వడ్డిస్తూ అక్కచెల్లెళ్లు చదివే శ్లోకంలో నాకు జవాబు దొరికింది.

భ్రాతస్తవానుజాతాహం భుంక్ష్వ భక్తమిదం శుభమ్
ప్రీతయే యమరాజస్య యమునాయా విశేషతః

'అన్నా, నేను నీ తరువాత పుట్టినదాన్ని. శుభమైన ఈ అన్నం తిను. యమరాజు ప్రీతి కోసం, విశేషించి యమున ప్రీతి కోసం.' ఇందులో కోరిక ఒక్కటీ లేదు. ఆయువు ఇమ్మని లేదు, ఐశ్వర్యం ఇమ్మని లేదు. తిను అని మాత్రమే ఉంది. తినేది సోదరుడు, తృప్తిపడేది యముడు. అంటే ఆ కాసేపు ఆ పీట మీద కూర్చున్నది యముడే. ఆయన పీట మీద కూర్చుని, ఆయనకు పెట్టిన ముద్ద తిన్నవాడికి ఇక ఆయనంటే బెదురు ఎక్కడిది?

అన్నానికి 'భక్తం' అన్న మాట వాడారు చూడండి. భక్తి పుట్టిన ధాతువే అది, భజ్. సేవించడం, పంచుకోవడం రెండూ దాని అర్థాలే. అమరకోశం అన్నానికి చెప్పిన పేర్లలో భక్తం ఒకటి. అదే కోశం యముడి పేర్లలో 'యమునాభ్రాతా' అని, యమున పేర్లలో 'శమనస్వసా' అని చెప్పింది. లోకమంతా హడలిపోయే దేవుడికి యమున అన్న అని ఒక పేరు, ఆ నదికి శమనుడి, అంటే యముడి, చెల్లెలు అని ఒక పేరు. ఎంత పెద్ద పదవిలో ఉన్నా, మనల్ని ఫలానా వారి తోబుట్టువు అని పిలిచే గొంతు ఒకటి ఉండాలి.

అప్ప ఇంట్లో ఆ రోజు రెండు విస్తళ్లు పడతాయి. రెండోది ఎదురింటి పెద్దాయనకు. ఆయన చెల్లెలు పోయి చాలా కాలమైంది. తోడబుట్టినవారు లేకపోతే వరసైనవారి చేతనైనా తినవచ్చని శాస్త్రం ఒప్పుకుంది. ముద్దపప్పు, ఆవ పెట్టిన అరటికాయ కూర, పులిహోర, పరమాన్నం. పసుపు అంటిన వేళ్లతో అప్ప నెయ్యి వేస్తూ నా విస్తరి దగ్గర 'అగ్రజాతాహం' అంటుంది, నాకన్నా ముందు పుట్టింది కాబట్టి. పక్క విస్తరి దగ్గరకు జరిగి 'అనుజాతాహం' అంటుంది. ఆ మాట పడగానే పెద్దాయన కలుపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

"తినండి అన్నయ్యా, చల్లారిపోతుంది" అంటుంది అప్ప.