కోరీలు చెత్త ఊడ్చే చేపలు కావు

కొత్తగా అక్వేరియం పెట్టినవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఒకటే: "అడుగున మిగిలిన చెత్త తినడానికి ఏ చేప వెయ్యాలి?" వాళ్ల మనసులో ఉండేది దాదాపు ప్రతిసారీ కంచు రంగు కోరీడోరాస్ అనే చిన్న మీసాల చేపే, పెంచేవాళ్ల మాటల్లో కోరీ. ఈ పనిమనిషి ముద్ర ఎవరు వేశారో గానీ, దానివల్ల ఎన్ని కోరీలు ఆకలికి చిక్కిపోతున్నాయో తలుచుకుంటే బాధేస్తుంది. అది మిగతా చేపల రెట్ట తినదు, అద్దానికి పట్టిన పాచి గీకదు. ఇసుకలో పురుగూ పుట్రా వెతుక్కుని తినే చేప. పైన వేసిన మేత కిందికి దిగేలోపే మిగతావి లాగించేస్తాయి. అందుకే లైటు ఆర్పాక, నీళ్లలో మునిగే గుళికలు దీనికోసం విడిగా వెయ్యాలి.

దీని సొంత చోటు దక్షిణ అమెరికా నదులు, వాగులు, పక్కనే ఉన్న ట్రినిడాడ్ దీవి. 1858లో అమెరికా జీవశాస్త్రవేత్త థియోడర్ గిల్ ట్రినిడాడ్ చేపలను చూసే దీన్ని వర్ణించాడు. 2024లో దీన్ని కోరీడోరాస్ ప్రజాతి నుంచి ఆస్టియోగాస్టర్ అనే ప్రజాతిలోకి మార్చారు గానీ, పెంచేవాళ్లందరికీ ఇది ఇంకా కోరీయే.

ఒంటికి పొలుసులుండవు. రెండు పక్కలా రెండేసి వరసల్లో ఎముక పలకలు, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. వీపు రెక్కకూ, పక్క రెక్కలకూ ముందు గట్టి ముల్లుంటుంది. బెదిరితే వాటిని బిగదీస్తుంది, వలలో చిక్కుకుంటే విడిపించడం నరకం. నేనైతే గిన్నెతోనే పడతాను.

మేత వేశాక కాసేపు అక్కడే కూర్చుని చూడండి. మూతిని కళ్లదాకా ఇసుకలో దూర్చి, మీసాలతో తడుముతూ, పనికిరాని ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. అందుకే సన్నటి ఇసుక కావాలి. రాళ్లు పదునుగా ఉన్నా, అడుగు మురికిపట్టినా ముందు దెబ్బతినేది ఆ మీసాలే.

ఉన్నట్టుండి బాణంలా పైకి వెళ్లి, ఒక గుక్క గాలి మింగి కిందికి వచ్చేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు టెన్షనే. కంగారు వద్దు. మింగిన గాలిలోని ఆక్సిజన్‌ను పేగు చివరి భాగం పీల్చుకుంటుంది, మిగిలింది వెనకనుంచి బయటికి పోతుంది. మూతకూ నీళ్లకూ మధ్య కాస్త ఖాళీ ఉంచితే చాలు. అన్నీ కలిసి ఆగకుండా పైకి పరిగెడుతుంటే మాత్రం వెంటనే నీళ్లు పరీక్షించాలి.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం దీని సంతానోత్పత్తి. కొంచెం చల్లటి నీళ్లు మారిస్తే వానాకాలం వచ్చిందనుకుంటాయి. మగదాని పొట్ట దగ్గర ఆడది నోరు ఆనించి వీర్యం తాగుతుంది. అది పేగుగుండా క్షణాల్లో దాటి, పొట్ట కింది రెక్కలను దొప్పలా మడిచి పట్టుకున్న గుడ్ల దగ్గరికి చేరుతుంది. ఈ పద్ధతిని జపాన్ పరిశోధకులు 1995లో ప్రకటించారు.

అద్దానికి అంటించిన ఆ గుడ్లను పెద్ద చేపలే తినేస్తాయి. వేలితో మెల్లగా దొర్లించి తీసి, గాలి బుడగలు వచ్చే వేరే డబ్బాలో వెయ్యండి. పిల్లలకు మొదటి మేత అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి బుల్లి రొయ్యలు), పొడి మేత సంగతి తర్వాత చూసుకోవచ్చు.