నీట్ ఎండీఎస్: కంప్లీట్ డెంచర్ ఇంప్రెషన్లు నేను చదివిన పద్ధతి

డెంటల్ పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్‌లో 240 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు పెడితే ఒక మార్కు కోత. ఈ ఒత్తిడిలో చాలామంది కంప్లీట్ డెంచర్ (పూర్తి కట్టుడు పళ్ల సెట్టు) పాఠాన్ని చివరి నెలకి తోసేస్తున్నారు. దయచేసి అలా చెయ్యకండి. ఇంప్రెషన్లు (నోటి అచ్చులు తీయడం) గట్టిగా పట్టుకుంటే అనాటమీ, డెంటల్ మెటీరియల్స్ కూడా దాంతోపాటే వచ్చేస్తాయి.

నేను ల్యాండ్‌మార్కుల జాబితా బట్టీ పట్టలేదు. పళ్లు లేని దవడల కాస్టుల (ప్లాస్టర్ నమూనాల) జత ఒకటి టేబుల్ మీద పెట్టుకుని, ఒక్కో చోట వేలు పెట్టి నన్ను నేనే ప్రశ్నించుకునేదాన్ని: దీని కింద ఏముంది, ఇక్కడ బరువు మోపొచ్చా, డెంచర్ అంచు ఎక్కడ ఆగాలి?

కింది దవడలో బక్కల్ షెల్ఫ్ (చెంపవైపు ఉన్న ఎముక చదును) తీసుకోండి. దీని హద్దులు: లోపలివైపు రిడ్జ్ క్రెస్ట్ (పళ్లు పోయాక మిగిలిన గట్టు పైభాగం), బయట ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ రిడ్జ్, ముందు బక్కల్ ఫ్రీనమ్, వెనక రెట్రోమోలార్ ప్యాడ్. ఇది గట్టి కార్టికల్ ఎముక, పైగా నమిలే బలం దీనిమీద నిటారుగా పడుతుంది. అందుకే కింద ఇదే ప్రైమరీ స్ట్రెస్ బేరింగ్ ఏరియా, అంటే ప్రధానంగా బరువు మోసే చోటు. పై దవడకి మాత్రం కొన్ని పుస్తకాలు రిడ్జ్ క్రెస్ట్ అంటాయి, కొన్ని అంగిలి వెనక భాగం అంటాయి. ఆప్షన్లలో ఏది ఇచ్చారో చూసుకుని పెట్టండి. ఇన్సిసివ్ పాపిల్లా, మిడ్ పాలటైన్ రాఫే రిలీఫ్ ఇవ్వాల్సినవి (బరువు పడకుండా చూడాల్సినవి), ఇందులో తేడా లేదు.

ఇదంతా అర్థమైతే సెలెక్టివ్ ప్రెషర్ టెక్నిక్ (మోయగలిగిన చోటే ఒత్తిడి పెట్టి అచ్చు తీయడం) చదవక్కర్లేదు, దానంతటదే తెలిసిపోతుంది. బరువు మోయలేని చోట ట్రే కింద మైనం స్పేసర్ (ఖాళీ కోసం పెట్టే పొర) ఉంటుంది, మోయగలిగిన బక్కల్ షెల్ఫ్ దగ్గర ఉండదు. స్పెషల్ ట్రేని (ఆ పేషెంట్ నోటి కొలతకే చేసిన అచ్చు ట్రే) సల్కస్‌కి (చెంప, చిగురు కలిసే మడత) 2 మి.మీ. తక్కువగా ఎందుకు చేస్తారు? గ్రీన్ స్టిక్‌కి (అంచులు తీర్చే, వేడికి మెత్తబడే పదార్థం) చోటు కావాలి కాబట్టి.

బోర్డర్ మౌల్డింగ్ (కండరాలు కదిలిస్తూ అచ్చు అంచులు తీర్చడం) నాకు పుస్తకంలో కంటే పేషెంట్ నోట్లోనే బాగా అర్థమైంది. ఇంటర్న్‌షిప్‌లో ఒక పెద్దాయనకి కింది రిడ్జ్ దాదాపు అరిగిపోయింది. "తాతగారూ, నాలుక బయటికి చాపండి" అనగానే నోటి అడుగు లేచి ట్రేని ఎత్తేసింది. లింగ్వల్ (నాలుకవైపు) అంచు పొడవు ఎక్కువైందన్నమాట. నోటి అడుగుని ఎత్తే మైలోహయాయిడ్ కండరం చేసే పని ఆ క్షణంలో వేలికి తగిలింది. ట్రేని వేళ్లతో అదిమి పట్టుకుని నోరు గట్టిగా మూయమంటే మాసెటర్ (నమిలే కండరం) బిగిసి, వెనక బయటి మూలలో గ్రీన్ స్టిక్ మీద చిన్న నొక్కు పడింది. అదే మాసెటెరిక్ నాచ్. ఆ తర్వాత ఈ ప్రశ్న ఎలా తిప్పి అడిగినా నాకు తడబాటు రాలేదు. పైన కరోనాయిడ్ ప్రాసెస్ (కింది దవడ ఎముక వెనక పైకి లేచే కొన) కూడా అంతే: నోరు బాగా తెరిచి దవడ అటూ ఇటూ జరపమంటే వెనక ఫ్లాంజ్ (డెంచర్ చెంపవైపు అంచు) మందం తేలిపోతుంది.

పోస్టీరియర్ పాలటల్ సీల్‌లో (పై డెంచర్ వెనక అంచు అంగిలికి అతుక్కునే చోటు) రెండు వైబ్రేటింగ్ లైన్లూ (మెత్తటి అంగిలి కదిలే చోటి గీతలు) కలిపేసుకోకండి. ముక్కు మూసుకుని ఊదమంటే ముందు వైబ్రేటింగ్ లైన్. మామూలుగా "ఆ" అనమంటే వెనకది.

మెటీరియల్స్‌లో ఎక్కువ మార్కులు పోయేది ఆల్జినేట్ (నీళ్లతో కలిపి అచ్చు తీసే పొడి) దగ్గర. ట్రైసోడియం ఫాస్ఫేట్ రిటార్డర్ (గట్టిపడటాన్ని ఆలస్యం చేసేది), కాల్షియం సల్ఫేట్ రియాక్టర్ (చర్య జరిపి గట్టిపరిచేది). నీళ్లు చల్లగా ఉంటే సెట్టింగ్ ఆలస్యమవుతుంది. ఇంప్రెషన్ గాలికి వదిలేస్తే నీరు పోగొట్టుకుని కుంచించుకుంటుంది, నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది, కాబట్టి వెంటనే కాస్ట్ పోయాలి. ఇంకో అచ్చు పదార్థం జింక్ ఆక్సైడ్ యూజినాల్ తడి, వేడి తగిలితే త్వరగా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక వంగదు కాబట్టి లోతైన అండర్‌కట్లు (లోపలికి వంగిన చోట్లు) ఉన్నచోట పనికిరాదు.

ఇంకా ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లు ప్రోస్థో (కట్టుడు పళ్ల విభాగం) పోస్టింగ్‌లో డెంచర్ కేసులు అడిగి మరీ తీసుకోండి. కాలేజీ దాటేసినవాళ్లు జూనియర్లని అడిగి కాస్టుల జత ఒకటి తెచ్చుకుని, ముందు కింది దవడతో మొదలుపెట్టండి. కష్టమైన ప్రశ్నలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.